సేటూ... జర స్పాన్సర్ చెయ్యరాదుండ్రి!

జగిత్యాలలో వినాయక మండపానికి చందా అడిగితే ఏ దుకాణందారూ కాదనడు. అదే కుర్రాడు 'సేటూ, బైకు రేసుకు పోతున్న' అంటే మాత్రం ఎగాదిగా చూస్తాడు. రోడ్డుమీద రయ్యిమని వెళ్లి కాలు విరగ్గొట్టుకున్న పిల్లలే కళ్లముందు మెదులుతారు మరి!

అసలు రేసు రోడ్డుమీద కాదు, ట్రాక్ మీద. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైందొకటి. కోరుట్ల, సిరిసిల్లల నుంచి హైదరాబాద్ చేరాక, ఇంకా ఆరువందల కిలోమీటర్ల పైమాటే. ఎంట్రీ ఫీజు, లెదర్ సూటు, కిందపడితే రిపేర్లు... గెలవకముందే ఖర్చంతా! కంపెనీయే బండి ఇచ్చే 'వన్ మేక్' పోటీలు కొత్తవాళ్లకు కాస్త నయం.

పెద్ద స్పాన్సర్లు పేరొచ్చాకే చూస్తారు. బెంగళూరుకు చెందిన సీఎస్ సంతోష్ 2015లో డకార్ ర్యాలీ బరిలో దిగిన తొలి భారతీయుడు. 36వ స్థానంలో నిలిచాడు. హీరో జట్టు తరఫున డకార్‌కు వెళ్లింది 2017లో.

అందాకా ఊళ్లో టైర్ల షాపే దిక్కు. డబ్బే ఇమ్మనక్కర్లేదు, రెండు టైర్లడిగినా చాలు. కానీ చెన్నైలో బండిమీద పేరు కనిపిస్తే కోరుట్ల సేటుకేం లాభం? అందుకే అంగడి రోజు రేసు బండిని ఆ షాపు ముందే నిలబెట్టాలి. పిల్లలు ఫొటోలు దిగుతారు, వాళ్ల నాన్నలు టైర్ల ధర అడుగుతారు.

దొరికిన స్పాన్సర్ జారిపోయేది ఎక్కువగా ఓడినప్పుడు కాదు, మొహం చాటేసినప్పుడు. ఆదివారం పడిపోయినా సరే, సోమవారం ఫోన్ చేయాలి... 'మూడో మలుపుల జారిన సేటూ, మీ టైరు తప్పు కాదు' అని!