డాక్టరు తన మనసునూ పరీక్షించుకోవాలి

చీటికీమాటికీ ఆసుపత్రికి వచ్చే పేషెంటు ఒకాయన ఈసారి ఛాతీలో నొప్పి అంటూ వచ్చాడనుకోండి. ఆయన్ని చూడగానే డాక్టరుకు విసుగు పుట్టవచ్చు. మనిషన్నాక అది సహజమే. అయితే ఆ విసుగు తనలో ఉందని డాక్టరు గుర్తించకపోతే, ఈసీజీ తీయకుండానే "గ్యాసే, భయపడకండి" అనే మాట వచ్చేస్తుంది.

విసుగే కాదు, అభిమానం కూడా దారి తప్పిస్తుంది. అమెరికా వైద్యుడు జెరోమ్ గ్రూప్‌మన్ 2007లో వచ్చిన 'హౌ డాక్టర్స్ థింక్' పుస్తకంలో తన అనుభవమే రాశారు. తనకెంతో ఇష్టమైన క్యాన్సర్ రోగి ఒకరు జ్వరంతో నీరసించి ఉంటే, ఇంకా కష్టపెట్టడమెందుకని ఒళ్లంతా పరీక్షించలేదు. పిరుదు మీద చీముగడ్డ కంటపడలేదు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి ప్రాణం మీదికొచ్చింది.

ఈ సంగతిని చాలా ముందే పట్టించుకున్నవారు హంగరీలో పుట్టిన మానసిక విశ్లేషకుడు మైకేల్ బాలింట్. 1950లలో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో ఆయన, భార్య ఈనిడ్ కుటుంబ వైద్యులను క్రమం తప్పకుండా సమావేశపరిచేవారు. ఒక డాక్టరు తనను వేధిస్తున్న కేసును నోట్సు చూడకుండా చెబితే, ఆ రోగి పట్ల ఆయనకు ఏమనిపిస్తోందో మిగతావారు తరచి చూసేవారు. వైద్యంలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే మందు డాక్టరే, ఆ మందు మోతాదు, దుష్ఫలితాలు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదన్నది బాలింట్ వాదన. ఇలాంటి 'బాలింట్ గ్రూపులు' నేటికీ అనేక దేశాల్లో నడుస్తున్నాయి.

అమెరికాలోని రోచెస్టర్‌లో 70 మంది వైద్యులకు తమను తాము గమనించుకోవడంలో శిక్షణ ఇచ్చి చూశారు. వారిలో వృత్తి అలసట తగ్గి, రోగుల పట్ల సహానుభూతి పెరిగినట్టు 2009లో ప్రచురించారు. మన దేశంలోనూ 2019 నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నైతికత, సంభాషణలపై ప్రత్యేక పాఠాలు చేరాయి. అవి పరీక్ష కోసం చదివే పాఠాలుగా మిగిలిపోకూడదు.

మన ఓపీల్లో రద్దీ నిజమే. కానీ "ఈ మనిషిని చూస్తే నాకేమనిపిస్తోంది? ఇది ఇంకేదైనా కావచ్చా?" అని తనను తాను అడగడానికి డాక్టరుకు అరనిమిషం చాలు. ఆ రెండో ప్రశ్న మీరూ అడగవచ్చు. "డాక్టరు గారూ, ఇది ఇంకేదైనా అయ్యే అవకాశం ఉందా?" అనండి. మంచి డాక్టరు ఆ మాటకు నొచ్చుకోరు, మరోసారి ఆలోచిస్తారు.