మీకు తెలుసా? హాజరు పట్టీలో వాన లెక్క

వాతావరణ మార్పు గురించి పిల్లలకు చెప్పడం ముఖ్యమని దాదాపు టీచర్లందరూ ఒప్పుకుంటారు. యునెస్కో, ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ అనే ప్రపంచ ఉపాధ్యాయ సంఘాల సమాఖ్య కలిసి 144 దేశాల్లో 58,000 మంది టీచర్లను అడిగి, 2021లో ఫలితాలు ప్రకటించాయి. ముఖ్యమే అన్నవాళ్లు 95 శాతం. దాని తీవ్రతను ధైర్యంగా బోధించగలమన్నవాళ్లు 40 శాతం కూడా లేరు. తమ ప్రాంతంలో దాని ప్రభావం ఏమిటో బాగా వివరించగలమన్నవాళ్లు మూడో వంతే!

ఈ మూడో ప్రశ్నకు గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో జవాబు వెతుక్కోనక్కర్లేదు. బడి గోడ దాటితే నల్లరేగడి, పత్తి, మిరప. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను ఎలా ఊడ్చేసిందో పిల్లలకు ఇంట్లోనే తెలుసు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. విచ్చిన పత్తి తడిసి రంగు మారితే వ్యాపారి ఎంత కోస్తాడో ఏడో తరగతి పిల్ల లెక్క కట్టి చెప్పగలదు. పాఠ్యపుస్తకంలోని ధ్రువపు ఎలుగుబంటి కంటే ఈ లెక్కే మంచి పాఠమని నా అభిప్రాయం.

టీచరు దగ్గర ఇంకో పుస్తకం కూడా ఉంది: హాజరు పట్టీ. పత్తి తీతలు, మిరప కోతలు మొదలైతే వెనక బెంచీలు ఖాళీ అవుతాయి. పశ్చిమ ప్రకాశం, కర్నూలు వైపు వానలు మొహం చాటేసిన ఏడాది అక్కడి కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు మిరప చేలకు వస్తాయి. ఆ పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవాలని ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది కూడా. ఒక మండలంలోని బడులన్నిటి పదేళ్ల హాజరు పట్టీలను వర్షపాతం పక్కన పెట్టి చూస్తే ఏం కనిపిస్తుంది? మండల శాఖ దాకా విస్తరించిన ఉపాధ్యాయ సంఘానికి ఇది రెండు ఆదివారాల పని.

పర్యావరణ విద్య ఎవరి దయా కాదు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991 నవంబరు 22నే దాన్ని తప్పనిసరి చేయమంది. అమలు నత్తనడక నడుస్తుంటే 2003లో మళ్లీ ఆదేశించింది.

పాఠం ఊరిని కదిలించగలదా అని అనుమానమా? నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు చేసుకోండి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో మహిళలు చదివిన వాచకంలో సారాను తరిమిన ఆడవాళ్ల కథ ఒకటి ఉంది. దూబగుంట ఆడవాళ్లు కథను కథగా వదిలేయలేదు, తమ ఊరి సారా కొట్టు మూయించారు. అది జిల్లా అంతా పాకి సారా వేలంపాటలను ఆపింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ అక్షరాస్యత పనిలో జన విజ్ఞాన వేదిక అనే సైన్సు ప్రచార సంస్థ ముందుంది. ఆ వేదికలో టీచర్లు ఎక్కువ. బోధన, సంఘం, ఊరు కలిస్తే ఏమవుతుందో మనం ఒకసారి చూసేశాం.

ఇక ఎండ. 2024లో వాతావరణ విపత్తులు 85 దేశాల్లో 24.2 కోట్ల మంది పిల్లల చదువుకు అడ్డుపడ్డాయని యునిసెఫ్ లెక్క. అందులో 17 కోట్ల పైచిలుకు వడగాడ్పుల వల్లే. మన దేశం వాటా సుమారు 5.5 కోట్లు. మన దగ్గర మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలవుతాయి. సంఘాలకు ఇది ఏటా అలవాటైన కోరికే. కానీ ఒక చిక్కుంది. పన్నెండున్నరకు బడి వదిలితే, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు పిల్లల్ని రోడ్డెక్కిస్తున్నాం. భోజనం పెట్టి, చల్లబడేదాకా నీడలో ఉంచాలంటే గది చల్లగా ఉండాలి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ప్రభుత్వ భవనాలకు తప్పనిసరి చేసింది. శ్లాబు మీద తెల్ల సున్నం కొట్టినా గదిలో వేడి తగ్గుతుంది. ఏసీలు అడగడం లేదండీ, సున్నం!

నీళ్లు తాగమని పిల్లలకు గుర్తుచేసే వాటర్ బెల్ కేరళలో 2019లో మొదలై మన బడుల్లోనూ మోగింది. గంట కొట్టడం తేలిక. మరుగుదొడ్డి బాగాలేని చోట ఆడపిల్లలు ఆ గంట విన్నా గుక్కెడు తాగరు. అందుకే మరుగుదొడ్లలో నీళ్లు కూడా వాతావరణ సమస్యే.

మొక్కల సంగతి చెప్పకపోతే అలుగుతారు. జూలై, ఆగస్టుల్లో నాటుతాం, ఫొటో దిగుతాం, యాప్‌లో ఎక్కిస్తాం. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12 దాకా బడికి తాళం. మొక్కకు నీళ్లు అత్యవసరమైన రోజులవే. ఎన్ని నాటారని కాదు, రెండో వానాకాలం చూసినవి ఎన్నని అడిగితే యాప్‌లు కాస్త మౌనం పాటిస్తాయేమో.

వానల సెలవు ఎప్పుడు ప్రకటించాలన్నది మాత్రం ప్రాణాల మీది సంగతి. 2024 ఆగస్టు 31న భారీ వానలో గుంటూరు దగ్గర ఒక వాగులో కారు కొట్టుకుపోయి ఒక టీచరు, ఇద్దరు విద్యార్థులు చనిపోయారు. వాళ్లు బడి నుంచి ఇంటికి వెళ్తున్నారు. నల్లమడ వంటి వాగు ఎప్పుడు పొంగుతుందో జిల్లా కేంద్రం కంటే ముందు ఒడ్డునున్న ఊరికి తెలుస్తుంది. బస్సు బయల్దేరకముందే, తెల్లవారుజామునే సెలవు చెప్పే అధికారం హెడ్మాస్టరుకు స్పష్టంగా ఉండాలని సంఘాలు పట్టుబట్టవచ్చు.

పట్టుబట్టే చోటు కూడా ఉంది. 2025లో షికాగో టీచర్ల సంఘం తన వేతన ఒప్పందంలోనే బడులపై సౌర ఫలకాలను చేర్పించుకుంది. మన టీచర్లకు అంతకంటే అరుదైన వసతి ఉంది, అది శాసనమండలి. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం సభ్యుల్లో సుమారు పన్నెండో వంతును ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. ఆంధ్రప్రదేశ్ మండలిలోని 58 సీట్లలో 5 వాళ్లవి. ప్రత్తిపాడు హైస్కూలు మాస్టారు కృష్ణా-గుంటూరు ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఓటేస్తారు. పక్కనే ఉన్న ప్రాథమిక బడి టీచరుకు మాత్రం ఆ ఓటు లేదు, అది సెకండరీ స్థాయికి తగ్గని బడుల వాళ్లకే.