బిగిసిన డిస్ట్రిబ్యూటరు, తప్పిన టైమింగు

పాత పెట్రోలు బండి వీధిలో పోవునప్పుడు రేడియోలో చిటపటమను శబ్దము వినవచ్చుట శ్రోతలకు అనుభవమే. ఆ శబ్దమును నిందించుచు మాకు జాబులు వచ్చుట క్రొత్త గాదు. అది బండి ప్లగ్గులలో పుట్టు నిప్పురవ్వల చప్పుడు. తొలినాటి మార్కోనీ ప్రసార యంత్రములు సైతము ఇట్టి రవ్వలతోనే సందేశములను పంపినవి. అయితే మల్లాపూరునుండి ఈ మారు వచ్చిన జాబు శబ్దమును గూర్చినది కాదు. రవ్వ వేళకు పుట్టుట లేదని దాని సారాంశము.

జాబు వ్రాసినవారిది తండ్రిగారి నాటి పెట్రోలు జీపు. ముత్యంపేట చక్కెర కర్మాగారము నడిచిన రోజులలో చెరకు తోటల వెంట తిరిగిన బండి. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడినది. జీపు అంతకు ముందే పాకలో చేరినది. ఇప్పుడు ఇంజను అరకొరగా అంటుకొనుచున్నది, హ్యాండిలు త్రిప్పబోయినచో వెనుకకు తన్నుచున్నది. టైమింగు సరిచేయుదమన్న డిస్ట్రిబ్యూటరు బ్లాకులో బిగిసిపోయినది. “సుత్తితో రెండు దెబ్బలు వేసిన అదే కదలును” అని మెకానిక్కు సలహా. కొట్టవచ్చునా యని ప్రశ్న.

కొట్టరాదు. అంతకంటె ముఖ్యము, దానిని కదలించు అవసరము అసలు కలదో లేదో ముందు తేల్చుకొనవలెను.

రవ్వ పడగానే సిలిండరులోని పెట్రోలు ఆవిరి అంతయు ఒక్కసారిగా మండదు. మంట వ్యాపించుటకు సెకనులో వేయింట రెండు మూడు భాగములు పట్టును. కావున పిస్టను పై కొసకు చేరుటకు కొంచెము ముందే రవ్వ పడవలెను. పాలు పొంగక ముందే గిన్నెకు చేయి చాపు గృహిణికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. యుద్ధకాలపు విల్లీస్ జీపునకు ఈ ముందు 5 డిగ్రీలు. ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగునప్పుడు 5 డిగ్రీలనగా సెకనులో 720వ వంతు. అదే 3,000 చుట్లలో 3,600వ వంతు మాత్రమే. మంట వ్యాపించుటకు అది చాలదు. అందుచేత వేగము పెరిగినకొలది రవ్వను మరింత ముందుకు జరుపుటకు డిస్ట్రిబ్యూటరు లోపల రెండు చిన్న బరువులు, వాటికి స్ప్రింగులు అమర్చబడినవి. రవ్వ ఆలస్యమైనచో ఇంజను వేడెక్కును, పెట్రోలు త్రాగును, బలము చూపదు. మరీ ముందైనచో లోపల టకటకమనును. హ్యాండిలు వెనుకకు తన్ని మణికట్టు విరిచినను విరుచును. కెటరింగు అను అమెరికా ఇంజనీరు కూర్చిన విద్యుత్ స్టార్టరును 1912 నమూనా కాడిలాక్ కారులో అమర్చుటకు ఈ హ్యాండిలు ప్రమాదములే ముఖ్య కారణము.

ముందుగా పాయింట్ల ఎడమును సరిచూడవలెను. జీపునకు అది అంగుళములో వేయింట 20 వంతులు. ఎడము పెరిగినచో పాయింట్లు ముందుగా తెరచుకొనును, తగ్గినచో ఆలస్యముగా. పాయింట్లు అరిగి ఎడము మారినచో డిస్ట్రిబ్యూటరు కదలకయే టైమింగు తప్పును. చాలమంది ఈ చిన్న పనిని విడిచి పెద్ద పనికి పోవుదురు.

పిమ్మట స్విచ్చి కట్టివేసి, గేరు తీసి, మొదటి సిలిండరు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రముపై వ్రేలుంచి ఇంజనును మెల్లగా త్రిప్పించవలెను. గాలి వ్రేలిని నెట్టుచుండగా, ఫ్లైవీలు మీది ఇగ్నిషన్ గీత కిటికీలోని గురుతునకు వచ్చువరకు త్రిప్పి ఆపవలెను. బ్యాటరీకి తగిన చిన్న బల్బు తీగ నొకదానిని డిస్ట్రిబ్యూటరు ప్రక్కనున్న సన్నతీగ మేకునకు, రెండవదానిని ఇంజను ఇనుమునకు తగిలించి స్విచ్చి వేయవలెను. పాయింట్లు తెరచుకొను క్షణమున బల్బు వెలుగును. గీత కలిసిన చోటనే వెలిగినచో టైమింగు సరియైనదే. బిగిసిన డిస్ట్రిబ్యూటరును దాని మానమున విడువవచ్చును.

కలియనిచో మాత్రమే దానిని వదులు చేయవలసి వచ్చును. ఇనుప బ్లాకులో అల్యూమినియపు కాడ యేండ్ల తరబడి తేమలో నున్నచో రెంటి నడుమ తుప్పు పుట్టి ఉబ్బును. ఆ ఉబ్బే బిగింపు. పైన సుత్తి వేసిన దెబ్బకు తుప్పు వదలదు, పోత పగులును లేక ఇరుసు వంగును. పాత పెట్రోలు జీపులు పెక్కింటికి డీజిలు ఇంజనులు బిగించిన మన దేశమున అట్టి భాగము మరల దొరకుట కష్టము.

బ్యాటరీ తీగ విప్పి, డిస్ట్రిబ్యూటరు నిలిచిన తీరును గీతతో గురుతు పెట్టి, క్లాంపు వదులు చేసి, కాడ చుట్టు మురికి తీసి, తుప్పు వదలించు నూనె ఉదయము సాయంత్రము కొన్ని చుక్కలు వేయవలెను. నాలుగైదు దినములు పట్టినను పట్టును. ఇంజను వెచ్చబడి చల్లారునప్పుడు నూనె లోనికి దిగును. మంట చూపుట మాత్రము కూడదు. పెట్రోలు ప్రక్కనే యుండును. తరువాత తోలు పట్టీ చుట్టి, కాడకు దగ్గరగా పట్టుకొని, వెండ్రుకవాసి ఇటు, వెండ్రుకవాసి అటు త్రిప్పవలెను. కదలిన తరువాత, రోటారు తిరుగు దిక్కునకు ఎదురుగా త్రిప్పినచో రవ్వ ముందునకు, దాని దిక్కుననే త్రిప్పినచో వెనుకకు జరుగును. జీపులో రోటారు గడియారపు ముల్లునకు ఎదురుదిక్కున తిరుగును.

ఇక జాబులోని వెనుక తన్ను. పైది బిగిసిన చోట లోపలి బరువులును బిగిసియుండునని మా అనుమానము. రోటారును అది తిరుగు దిక్కున వ్రేళ్లతో కొంచెము త్రిప్పి విడువగా స్ప్రింగు బలమున తనంతట వెనుకకు రావలెను. రానిచో బరువులు ముందుకు జరిగి అక్కడనే నిలిచియుండవచ్చును. అట్టి బండికి బయట టైమింగు ఎంత సరిచేసినను హ్యాండిలు తన్నుట మానదు. లోపల శుభ్రపరచి ఒకటి రెండు చుక్కల పలుచని నూనె వేసి, పాయింట్లకు అది అంటకుండ తుడిచి, బల్బుతో మరల చూడవలెను.

అంతవరకు హ్యాండిలును బొటనవ్రేలితో చుట్టి పట్టరాదు. అయిదు వ్రేళ్లును ఒక్క ప్రక్కననే యుంచి, క్రిందికి నొక్కక, పైకి లాగవలెను.