గురుదక్షిణ: ఎప్పుడు, ఎంత, ఎవరి చేతితో?

ఆషాఢ శుద్ధ పౌర్ణమినాడు వ్యాసపూజ, సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం, శరన్నవరాత్రులలో సరస్వతీ పూజ... ఏడాదిలో గురువును స్మరించుకునే పర్వదినాలు మనకు అనేకం. ఆ రోజులు దగ్గరపడగానే మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న వినిపించే ఉంటుంది: 'అమ్మా! మా టీచరుగారికి ఏమిద్దాం?'

పసివాడు అడిగినది చిన్న ప్రశ్నే. సమాధానం చెప్పవలసి వచ్చేసరికి పెద్దల మనసుల్లో సందేహాలు ముసురుకుంటాయి. ఎదురింటివారు పట్టుచీర పెట్టారట, మనం పూలతో సరిపెడితే బాగుంటుందా? తక్కువ ఇస్తే మన పిల్లవాణ్ణి చిన్నచూపు చూస్తారేమో! ఘనంగా ఇస్తే పరీక్షల వేళ కాస్త దయ చూపుతారేమో! కృతజ్ఞతగా పుట్టిన తలంపు ఇలా క్షణంలో భయంగానో, ఆశగానో మారిపోతుంది. దక్షిణకూ లంచానికీ నడుమనున్న గీత ఎక్కడ? ఈ ప్రశ్న కొత్తది కాదు. మన ధర్మశాస్త్రాలూ, ఉపనిషత్తులూ దీన్ని ఏనాడో విచారించాయి.

చదువు ముగిశాకే దక్షిణ

విద్య పూర్తి కాకముందు శిష్యుడు గురువుకు ధనరూపంలో ఏమీ ఇవ్వరాదని మనుస్మృతి రెండవ అధ్యాయం విధించింది. సమిధలు తేవడం, భిక్షాన్నం సమర్పించడం వంటివి శుశ్రూష అవుతాయే గాని దక్షిణ కావు. చదువు ముగించి, సమావర్తన స్నానం చేసి ఇంటికి మరలే వేళ, గురువు అనుమతితో, తన శక్తికి తగినది సమర్పించాలి. ఆ స్నానం చేసినవాడే స్నాతకుడు. నేటి విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాలకు ఆ పేరు అక్కడినుంచి వచ్చినదే.

శక్తికి తగినది అంటే ఏమిటి? ఆ స్మృతి చెప్పిన జాబితాలో పొలం, బంగారం, ఆవు, గుర్రం ఉన్నాయి. వాటి సరసనే గొడుగు, పాదరక్షలు, ఆసనం, ధాన్యం, వస్త్రాలు ఉన్నాయి. చివరకు కూరగాయలు కూడా ఉన్నాయి! శ్రీమంతుని పొలాన్నీ, పేదవాని కూరనూ ఒకే వరుసలో నిలిపిన ఆ చూపును గమనించండి. గురువుకు ప్రీతి కలిగించడమే అక్కడ ప్రధానం. వెల ఎంత అన్న విచారమే లేదు.

ఇచ్చేవానికే కాదు, పుచ్చుకునేవానికీ ఈ నియమం ఉంది. బృహదారణ్యకోపనిషత్తులో జనక మహారాజు యాజ్ఞవల్క్య మహర్షి నోట ఒక్కొక్క ఉపదేశం విన్నప్పుడల్లా పరవశించి, వేయి గోవులను ఇస్తానంటాడు. మహర్షి ప్రతిసారీ తన తండ్రి మాటను గుర్తుచేస్తాడు. శిష్యునికి సంపూర్ణంగా బోధించకుండా అతని నుంచి ఏదీ గ్రహించరాదన్నది ఆ తండ్రి అభిప్రాయం. చివరకు బోధ ముగిసి అభయపదం అందినప్పుడు జనకుడు గోవులను లెక్కపెట్టడు. తన విదేహ రాజ్యాన్నీ, తననూ గురువు ముందు నిలుపుతాడు.

ఇక్కడే ఆ గీత స్పష్టమవుతోంది. జరిగిన మేలుకు ఇచ్చేది దక్షిణ. జరగవలసిన పనికి ముందుగా ముట్టజెప్పేది బేరం. పరీక్షలకు ముందు వెళ్లే వెండిగిన్నె, ఫలితాల తర్వాత వెళ్లే పూలదండ రెండూ కానుకలుగానే కనబడవచ్చు. వాటి వెనుకనున్న సంకల్పాలు మాత్రం వేరు.

కౌత్సుని పట్టుదల

కాళిదాస మహాకవి రఘువంశం అయిదవ సర్గలో వరతంతు మహర్షి శిష్యుడైన కౌత్సుని కథ చెప్పాడు. చదువు పూర్తయ్యాక కౌత్సుడు దక్షిణ ఇస్తానన్నాడు. 'నీ భక్తే నాకు దక్షిణ' అన్నాడు గురువు. శిష్యుడు వినలేదు, పదేపదే అడిగాడు. విసిగిన గురువు, నేర్పిన పద్నాలుగు విద్యలకూ పద్నాలుగు కోట్లు తెమ్మన్నాడు. విశ్వజిత్ యాగంలో సర్వస్వం దానం చేసి, మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చే స్థితిలో ఉన్న రఘు మహారాజును కౌత్సుడు ఆశ్రయించాడు. యాచకుడు తన ఇంటినుంచి వట్టిచేతులతో వెళ్లరాదని రఘువు కుబేరునిపైకి దండెత్తడానికి సిద్ధపడ్డాడు. ఆ రాత్రే కోశాగారంలో కనకవర్షం కురిసింది. రాజు అంతా తీసుకోమన్నాడు. గురువుకు చెల్లించవలసిన దానికి మించి కౌత్సుడు ఒక్క కాసు కూడా ముట్టలేదు.

ఈ కథలో ఇద్దరి గొప్పతనాన్నీ మనం కీర్తిస్తాం. అయితే గురువు మొదట అన్న మాటను మరచిపోతుంటాం. భక్తి చాలునన్న గురువును బలవంతపెట్టడం వల్లనే అంత కష్టం వచ్చింది. ఈనాడు కొన్నిచోట్ల తల్లిదండ్రులందరూ కలిసి ఇంటికింత అని నిర్ణయించి టీచరుగారికి ఖరీదైన కానుక కొంటున్నారు. ఇవ్వలేని ఇల్లాలు నలుగురిలో తలదించుకుంటుంది. ఆమె బిడ్డ మరునాడు అదే తరగతిలో కూర్చోవాలి కదా! ఒక పసి మనసును నొప్పించి తెచ్చిన కానుక గురువుకు ప్రీతి ఎలా కాగలదు?

పప్పుబెల్లాల పాఠం

మన తెలుగు పల్లెల వీధిబడులు ఈ చిక్కును చక్కగా పరిష్కరించుకున్నాయి. దసరా రోజుల్లో అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లేవారు. పిల్లలు అలంకరించిన విల్లంబులు పట్టుకుని, నేర్చుకున్న పద్యాలూ పాటలూ గడప ముందు వినిపించేవారు. ఇంటి యజమాని అయ్యవారికి దక్షిణ ఇచ్చి, పిల్లలకు పప్పుబెల్లాలు పంచేవాడు. ముందు విద్యా ప్రదర్శన, ఆ తర్వాతే దక్షిణ! అదీ పదిమంది ఎదుట, బహిరంగంగా. కలవారి బిడ్డకూ, లేనివారి బిడ్డకూ చేతిలో పడేది ఆ పప్పుబెల్లమే.

జీతం లేని ఆ అయ్యవారికి దసరా మామూలు జీవనాధారం కూడా. నేడు గురువులకు జీతాలున్నాయి కనుక దక్షిణ కేవలం కృతజ్ఞతకు గుర్తు అనుకుంటాం. అన్ని ఇళ్లలోనూ అది నిజం కాదు. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు ఎందరో ప్రైవేటు ఉపాధ్యాయులకు జీతాలు ఆగిపోయాయి. 2021లో తెలంగాణ ప్రభుత్వం వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చింది. అంతకుముందు సెప్టెంబరులో బొకేలు అందించిన మనలో ఎందరం ఆ రోజుల్లో వారి గడప తొక్కి 'ఎలా ఉన్నారు మాస్టారూ?' అని అడిగాం? స్మృతి చెప్పిన ధాన్యమూ, కూరగాయలూ అవసరమైన కాలమది. గుండెపై చెయ్యి వేసుకుని మనకు మనమే సమాధానం చెప్పుకోవాలి.

మీ ఇంట ఆచరించదగినవి

కానుక ఇవ్వదలచారా? విద్యాసంవత్సరం ముగిసి, ఫలితాలు వచ్చాక ఇవ్వండి. అప్పుడు మీరు కోరేది ఏమీ మిగలదు. పర్వదినాన ఇవ్వాలనిపిస్తే పూలతో, పండుతో, నమస్కారంతో సరిపెట్టండి. ప్రభుత్వ ఉపాధ్యాయులకు కానుకల విషయంలో ప్రవర్తనా నియమాలు ఉంటాయని మరువకండి. వారిని ఇబ్బందిలో పెట్టడం గౌరవం అనిపించుకోదు. పదిమంది కలిసి ఇచ్చేటట్లయితే ఇంటికింత అన్న లెక్క వద్దు. ఎవరికి తోచినది వారు వేయగా వచ్చిన దానితో, తరగతి పిల్లలందరి పేరిట ఒక మంచి పుస్తకం ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యం, కానుక బిడ్డ చేతి మీదుగా వెళ్లాలి. మీరు అంగట్లో కొన్న వస్తువు మీదే అవుతుంది. పెరటి మందారం కోసి, 'మీరు చెప్పిన ఎక్కాలు నాకు వచ్చాయి' అని తన వంకర అక్షరాలతో రాసిన కాగితం వాడిది. ఆ అక్షరాలు నేర్పిన చేతికే ఆ కాగితం చేరుతుంది. దానికి మించిన దక్షిణ ఏముంటుంది?

1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మైసూరు విడిచి కలకత్తా వెళుతుంటే, శిష్యులు పూలతో అలంకరించిన బండిని తామే లాగి ఆయనను రైలుస్టేషనుకు చేర్చారు. వెళ్లిపోతున్న గురువు నుంచి వారు ఆశించదగినది ఏమీ లేదు. 1962 నుంచి ఆయన పుట్టినరోజునే మనం ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఈసారి మీ బిడ్డ 'టీచరుగారికి ఏమిద్దాం?' అని అడిగితే బజారుకు బయలుదేరకండి. పక్కన కూర్చోబెట్టుకుని, 'ఆవిడ నీకు ఏమిచ్చారు?' అని అడగండి. వాడు చెప్పేది ఓపికగా వినండి. ఇవ్వవలసినది ఏమిటో ఆ మాటల్లోనే మీకు తెలుస్తుంది. ఆ తర్వాత, మీకు అక్షరం దిద్దించిన గురువు ఇంకా ఉన్నారేమో కనుక్కుని, బిడ్డను వెంటబెట్టుకుని ఒకసారి వెళ్లి పాదాలకు నమస్కరించి రండి. గురుదక్షిణ అంటే ఏమిటో వాడికి వేరే చెప్పనక్కరలేదు.