మాటయు నొక చికిత్సయే

వైద్యశాలలో పడకనెక్కిన రోగికి దినమంతటిలో వైద్యుని దర్శనము లభించునది కొలది నిమిషములే; తక్కిన కాలమంతయు, తెల్లవారుజామున జ్వరము చూచుట మొదలుకొని నడిరేయి సెలైను సీసా మార్చువరకును, ఆతని చెంత మెలగుచుండునది నర్సు. ఐనను రోగి స్వస్థుడై ఇల్లు చేరిన పిమ్మట కీర్తియంతయు వైద్యుని హస్తవాసికి చెందును. నర్సమ్మ మంచిది, ఓపికగలది, నవ్వుచు పలుకరించినది అన్న మెచ్చుకోలుతో ఆమె వంతు ముగియును. ఈ మెచ్చుకోలు అసత్యము కాదు గాని అసంపూర్ణము. ఓర్పును దయయు నున్నంత మాత్రమున మంచమునంటిన వృద్ధునికి పుండు పడకుండ ఆగదు. ఇన్సులిన్ ఎప్పుడు వేసికొనవలెనో రోగికి తెలిసిపోదు. నర్సుపని యొక విద్య. ప్రశ్నించి, కొలిచి, సరిచూచుకొనుచు పెరిగిన విద్య. అందును అన్నిటికంటె తక్కువ గౌరవమునకు నోచుకొని, చేసిన మేలును ఎవరును లెక్కింపని భాగము, రోగికి చెప్పు మాట.

ఈ విద్యకు ఆదిగురువుగా లోకము కొలుచు ఫ్లారెన్స్ నైటింగేల్ చరిత్రమే మనకు సగము తెలిసి సగము తెలియకున్నది. చేత దీపము ధరించి క్షతగాత్రుల పడకల నడుమ సంచరించిన కరుణామూర్తిగా పాఠ్యపుస్తకములు ఆమెను మనకు పరిచయము చేసినవి. ఆమె లెక్కల పుస్తకమును మాత్రము చూపలేదు. 1854 నవంబరులో 38 మంది నర్సులతో ఆమె టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరెను. వారెంత పాటుపడినను ఆ శీతకాలమున మరణములు తగ్గకపోగా పెరిగినవి. 1855 మార్చిలో బ్రిటిషు ప్రభుత్వము పంపిన పారిశుద్ధ్య సంఘమువారు వచ్చి, భవనము క్రింది మురుగుకాలువలను కడిగించి, లోనికి గాలి ఆడునట్లు చేసిన పిదపగాని మృత్యువు వెనుకంజ వేయలేదు. స్వదేశమునకు మరలిన తరువాత, గణాంకవేత్తయైన విలియం ఫార్ తోడ్పాటుతో నాటి లెక్కలను తరచి చూచి, గాయముల వలన మరణించినవారికంటె నివారింపదగిన అంటురోగముల వలన మరణించినవారే పెక్కురని ఆమె గ్రహించెను. రోగములకు నీలము, గాయములకు ఎరుపు, తక్కిన కారణములకు నలుపు రంగు వేసి ఆమె సిద్ధపరచిన చక్రపటములు 1858లో వెలువడినవి. ఆ సంవత్సరమే లండను గణాంకశాస్త్ర సంఘము తన సభ్యులలో తొలి మహిళగా ఆమెను చేర్చుకొనెను. తాను రేయింబవళ్లు చేసిన సేవ చాలలేదని లెక్క తేల్చినపుడు, ఆ లెక్కను దాచక ఏలికల ముందుంచుటకు దీపము పట్టుటకంటె ఎక్కువ ధైర్యము కావలెనని నాకు తోచును.

అయితే నర్సులు వేయు ప్రశ్నలన్నియు ఇంత గంభీరములు కానక్కరలేదు. పక్షవాతము చేతనో, తుంటియెముక విరుగుట చేతనో మంచము పట్టిన పెద్దవారికి నడుము క్రిందను మడమలయందును చర్మము నల్లబడి, చితికి, పుండై లోనికి దొలుచుకొనిపోవుట చూడని కుటుంబములు మనలో తక్కువ. దీనికి మందుగా నర్సులు తరతరములుగ స్పిరిటు రుద్ది పౌడరు చల్లుచు వచ్చిరి. ఎవరు నేర్పిరో, ఏల చేయుచున్నారో అడిగినవారు లేరు. డొరీన్ నార్టన్ అను ఆంగ్లేయ నర్సు వృద్ధుల వార్డులలో ఈ విషయమును పూని పరిశీలించి, సహచరులతో కలిసి 1962లో తన ఫలితములను ప్రకటించెను. మేలు చేయునది పూతలు కాదు, ఒత్తిడి తొలగించుటయే. అనగా రోగిని వేళ తప్పక ప్రక్కకు త్రిప్పుట. ఎముకకును పరుపునకును నడుమ నలిగిన సూక్ష్మనాళములలో రక్తము ఆగిపోవుట పుండునకు మూలమైనపుడు, పైన ఎంత సుగంధచూర్ణము చల్లినను ప్రయోజనమేమి? ఏ రోగికి ముప్పు కలదో ముందే కనిపెట్టుటకు ఆమె ఒక కొలమానమును గూడ నిర్మించెను: శరీరస్థితి, మనఃస్థితి, నడక, కదలిక, మలమూత్రములపై అదుపు అను ఐదింటికి ఒకటి మొదలు నాలుగు వరకు మార్కులు వేసి, మొత్తము 14గాని అంతకు లోపుగాని వచ్చినవానిని ప్రత్యేకముగా కనిపెట్టవలెను. కాగితము, కలము, చూచు కన్ను తప్ప వేరు పరికరము దీనికి అక్కరలేదు. ఈ సంగతి వెల్లడియై అరువదియేండ్లు దాటినను స్పిరిటు సీసా, పౌడరు డబ్బా మన వార్డులను ఇంకను పూర్తిగా విడువలేదు. ఫలితము అచ్చయినంత సులభముగా అలవాటు మారదు.

ఇక మాట సంగతి. 1964లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ వైద్యశాలలో ఎగ్బర్ట్ అను మత్తువైద్యుడును ఆయన సహచరులును ఉదరమునకు శస్త్రచికిత్స జరుగబోవు 97 మందిని రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారికి, ఆపరేషను తరువాత నొప్పి ఎక్కడ వచ్చును, ఎంతకాలముండును, ఎట్లు ఊపిరి తీసి కండరములను సడలింపవలెను, ప్రక్కకు ఎట్లు తిరుగవలెను అను విషయములను ముందుగనే చెప్పి, తరువాతను వచ్చి ధైర్యము చెప్పిరి. రెండవ జట్టువారికి నొప్పిని గూర్చి ఏమియు చెప్పలేదు. మాట విన్నవారికి నొప్పిమందు అవసరము ఇంచుమించు సగమునకు తగ్గెను. ఎవరు ఏ జట్టువారో తెలియని శస్త్రవైద్యులు వారిని సగటున 2.7 దినములు ముందుగా ఇంటికి పంపిరి. 1975లో జాక్ హేవర్డ్ ఇంగ్లండులో ఇట్టి ప్రశ్ననే నర్సింగు పరిశోధనగా చేపట్టి, ముందుగా విషయము తెలిసిన రోగికి ఆందోళనయు నొప్పియు తగ్గునని చూపి, సమాచారమును నొప్పికి విరుగుడుగా వ్రాసి ఇయ్యదగిన మందుచీటీ యనెను. ఇదే ఫలితము నిచ్చు మాత్ర యేదైన దొరికినచో ఏ మందుల కంపెనీ ఊరకుండును?

మన వార్డులలో ఈ మందు ఎట్లు పంచబడుచున్నదో చూతము. డిశ్చార్జి దినమున బిల్లు కట్టుట, ఆటో మాటలాడుట, సామాను సర్దుట అను హడావిడి నడుమ ఇంగ్లీషులో ముద్రించిన కాగితమొకటి చేతబెట్టి, ఇది పొద్దున, ఇది రాత్రి, పది రోజుల తరువాత రమ్మని గడగడ చెప్పి, అర్థమైనదా యని అడుగుదురు. అర్థమైనదనియే ఎల్లరును చెప్పుదురు. కాదనుట అమర్యాద యని మన పల్లెవారి సంస్కారము. విన్నదానిలో 40 మొదలు 80 శాతము వరకు రోగులు వెంటనే మరచిపోవుదురనియు, గుర్తున్నదానిలోను దాదాపు సగము తప్పుగా గుర్తుండుననియు పరిశోధకులు చెప్పుచున్నారు. దీనికి నర్సింగు విద్య కనిపెట్టిన ఉపాయము చిన్నది. అర్థమైనదా యని అడుగుటకు మారుగా, చెప్పినదానిని రోగిచేతనే తిరిగి చెప్పించుట. క్రొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టిన రైతు స్త్రీతో ఒక నర్సు ఇట్లనినది అనుకొనుడు:

“పెద్దమ్మా, రేపు ఇంటికాడ ఈ సూది ఎట్లా వేసుకుంటావో, మీ కోడలికి చెప్తున్నట్టు నాకొకసారి చెప్పు.”

“పొద్దున లేవంగనే ఏసుకుంటనమ్మా. ఏసుకొని చేనికి పోయి, పదింటికొచ్చి బువ్వ తింట.”

ఈ రెండవ వాక్యములో ఒక ప్రాణాపాయము పొంచియున్నది. భోజనమునకు ముందు వేసికొనవలసిన సూదిని వేసికొని, గంటలకొలది ఎండలో ఏమియు తినక పనిచేసినచో, రక్తములో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణకి, ఆమె చేనిగట్టునే స్పృహ తప్పవచ్చును. ఆ సంగతి కేసుషీటులో ఎక్కడను ఉండదు; తిరిగి చెప్పించిన నర్సుకు మాత్రమే తెలియును. అప్పుడామె సూదివేళను అన్నపువేళతో ముడిపెట్టి, కొంగున కాస్త చక్కెరయో బెల్లమో కట్టుకొమ్మని చెప్పగలదు.

మఱియొక చిక్కు, ఎవరికి చెప్పవలెననునది. బాలింతకు ముఱ్ఱుపాల మహిమనెంత బోధించినను, బిడ్డ నోట తేనె నాకించునది అమ్మమ్మ; పథ్యమని కూరలు, మంచినీరు తగ్గించునది అత్తగారు. బీపీ మాత్రలు మొగుడు మింగవలసినవైనను ఉప్పు డబ్బా భార్య చేతిలో నున్నది. కావున తెలివిగల నర్సు మంచము ప్రక్క స్టూలుపై కూర్చున్న పెద్దామెను ముందు పలుకరించును. నూరా హెల్త్ అను సంస్థ ఈ సూక్ష్మమును గ్రహించి, రోగుల బంధువులను వార్డులోనే కూర్చుండబెట్టి ఇంటి సంరక్షణ నేర్పు కార్యక్రమమును నర్సుల ద్వారా నడపుచున్నది. అది మన తెలుగు రాష్ట్రములలోని ప్రభుత్వ వైద్యశాలలకును వచ్చినది.

మన నర్సింగు కళాశాలలలో ఇట్టి బోధనపై పరిశోధన లేదా యన్నచో, అదియే ఎక్కువగా నున్నది. ఎం.ఎస్‌సి. విద్యార్థినుల సిద్ధాంతవ్యాసములను తిరగవేసినచో పెక్కింటి నడక ఒక్కటే: ముందొక ప్రశ్నాపత్రము, తరువాత ఒక పాఠము, వారము గడచినంత మరల అదే ప్రశ్నాపత్రము. మార్కులు పెరిగినవని తేలును. గ్రంథము నల్ల అట్టతో బీరువా చేరును. పాఠము చెప్పిన వెంటనే మార్కులు పెరుగుటలో వింతయేమున్నది? మధుమేహరోగి ఆరునెలల తరువాత చెప్పులు లేక తిరుగుట మానెనా, కాలిపుండ్లు తగ్గినవా, బీపీ నార్మలుకు వచ్చినదని మాత్రలు ఆపకున్నాడా అని ఇంటివరకు వెంబడించి చూచిన పరిశోధనయే రోగికి పనికివచ్చునది. దానికి కాలము, ధనము, వార్డు నర్సుల సహకారము కావలెను; రెండేండ్ల కోర్సులో చివరి కొలది నెలలు చాలవు. తప్పు విద్యార్థినిది కాదు.

ఇంతయు విన్న వార్డు నర్సు వేయు ప్రశ్న ఒక్కటే: “సార్, ఇవన్నీ చెప్పడానికి టైమేదీ?” ఆమె మాటలో న్యాయమున్నది. లిండా ఐకెన్ అను నర్సు పరిశోధకురాలు పెన్సిల్వేనియాలోని 168 వైద్యశాలల లెక్కలను పరిశీలించి 2002లో ప్రకటించిన ఫలితము ప్రకారము, ఒక్కొక్క నర్సుకు అప్పగించిన రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొలది, శస్త్రచికిత్స పొందిన రోగి నెలలోపల మరణించు ముప్పు నూటికి ఏడు వంతుల చొప్పున హెచ్చుచుండెను. కాలిఫోర్నియా రాష్ట్రము 2004 నుండి నర్సులకును రోగులకును గల నిష్పత్తిని చట్టముతో కట్టడి చేసినది. భారత నర్సింగు కౌన్సిలు ప్రమాణమును అనుసరించి బోధనా వైద్యశాలలలో ముగ్గురు రోగులకు ఒకరు, సాధారణ వైద్యశాలలలో ఐదుగురికి ఒకరు ఉండవలెను. రాత్రివేళ నిండిన వార్డునంతయు ఒకరిద్దరు కాచుకొనియుండుట మాత్రము మనము చూచుచున్న దృశ్యము.

నర్సుల కొరత ఇట్లుండగా, వారి ఉద్యోగమార్గములు మాత్రము పూర్వముకంటె విరివియైనవి. దేశపు ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ సంఘము 1946లో నివేదిక ఇచ్చునాటికి దేశమంతట నర్సులు ఏడు వేల మందియే, అనగా 43 వేల జనమునకు ఒకరు. డిగ్రీ చదువు ఢిల్లీలోను వెల్లూరులోను మొదలైనదియు ఆ యేడే. నేడు రెండేండ్ల ఏ.ఎన్.ఎం., మూడేండ్ల జి.ఎన్.ఎం., నాలుగేండ్ల బి.ఎస్‌సి., ఆపై ఎం.ఎస్‌సి., పిహెచ్.డి. వరకు దారి యున్నది. గల్ఫు దేశములకు, బ్రిటనుకు మన నర్సులు ఏనాటి నుండియో పోవుచుండగా, తెలంగాణ ప్రభుత్వ సంస్థయైన టామ్‌కామ్ ఇప్పుడు జర్మను భాష నేర్పించి జర్మనీకి పంపుచున్నది. అచ్చటి రోగితో మాటలాడనేర్వని నర్సును జర్మనీ పనిలోనికి రానీయదు. మన రోగికి మాత్రము తెలుగులో ఒక డిశ్చార్జి కాగితము నేటికిని కరువే.

స్వదేశమున పదోన్నతియే విచిత్రముగా నున్నది. స్టాఫ్ నర్సు హెడ్ నర్సగును, ఆపై సూపరింటెండెంటగును. మెట్టెక్కినకొలది రిజిస్టర్లకును డ్యూటీ చార్టులకును దగ్గరై రోగికి దూరమగును. పడకచెంతనే ఉండి నైపుణ్యముతో ఎదుగు దారి ఇటీవలనే కొంత తెరచుకొనుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో బి.ఎస్‌సి. చదివిన నర్సులు ఎం.ఎల్.హెచ్.పి.లుగా, అనగా మధ్యస్థాయి ఆరోగ్యసేవికలుగా, గ్రామ ఆరోగ్యకేంద్రములలో బీపీ, షుగరు రోగులను నెలనెల చూచుచున్నారు. 2017లో కరీంనగరు ప్రభుత్వ వైద్యశాలలో యూనిసెఫ్, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థల తోడ్పాటుతో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ (ప్రసూతిసేవ) శిక్షణ ఆరంభమైనది. ఇట్టి శిక్షణ ఎంత అవసరమో అంకెలే చెప్పును: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణ కాన్పులలో 60.7 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతము కోతకాన్పులే. దేశపు సగటు 21.5 శాతము. మిడ్‌వైఫులు గర్భిణిని మొదటినుండి తుదివరకు చూచుకొనినచో ఏమగునో 18 వేలమందికి పైగా స్త్రీలపై జరిగిన ప్రయోగములను సమీక్షించి పరిశోధకులు 2024లో తేల్చిన విషయము: తల్లుల తృప్తి పెరుగును, పరికరములతో బిడ్డను లాగు కాన్పులు తగ్గును, కోతలు కొద్దిగ తగ్గును. ఆ ప్రయోగములు ఎక్కువగా సంపన్న దేశములవి. ముహూర్తము చూచి కోత కోరు మన యిండ్లలో ఎంత తగ్గునో లెక్కించి చెప్పవలసినవారు మన మిడ్‌వైఫులే.

పాఠకులారా, మీలో ఎవరైనను ఆత్మీయుని వైద్యశాల నుండి ఇంటికి తెచ్చుకొను దినమున, ఆటో ఎక్కుటకు ముందు పది నిమిషములాగి నర్సును అడుగుడు: ఏ మందు అన్నమునకు ముందు, ఏది తరువాత, ఎన్నాళ్లు, ఏ లక్షణము కనబడిన వెంటనే మరల రావలెను? ఆమె చెప్పినదానిని మీ నోట తిరిగి ఆమెకే చెప్పి సరిచూచుకొనుడు. ఆ పది నిమిషములు ఆమెకు లేవని తెలిసినచో, నిందింపవలసినది ఆమెను కాదు. నర్సులను చాలినంతమందిని నియమింపని యాజమాన్యమును అడుగుడు.