చెట్టెక్కువానికి తగిన రక్షణకట్టు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మన గోదావరి సీమలో ప్రతి పెరటికిని సంబంధించినది. కొబ్బరిచెట్టునో తాటిచెట్టునో ఎక్కు మనుష్యుడు పట్టు తప్పినను నేల తాకకుండ ఆతని దేహమునకు తగిలింపవలసిన కట్టు ఎట్టిది? దానిని ఎన్నుకొనుట ఎట్లు? నేను ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. చెట్టెక్కుట నాకు రాదు. అయినను ఈ విద్య నేను తెలిసికొనవలసి వచ్చినది. కారణము చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా యింట నొక శుభకార్యము తటస్థించినది. పందిటికి కాయలును ఆకులును కావలెనని మా యూరి దింపు కార్మికునకు కబురంపితిని. అతడు నాకడ అయిదవ తరగతి వఱకు చదివినవాడు. తెల్లవాఱుజామున జల్లు కురిసి మ్రాను తడిసియున్నది. "ఎండ కాశాక ఎక్కుతానండి మేష్టారూ" అని అతడనెను. "ముహూర్తం దాటిపోతుంది నాయనా" అని నేనంటిని. గురువుమాట కాదనలేక ఎక్కెను. మొవ్వు వఱకు క్షేమముగనే పోయెను. అక్కడ మోకు విడిచి మట్టను పట్టుకొనెను. అది ఎండిన మట్ట. ఊడి చేతికి వచ్చినది. ప్రాణము దక్కినది గాని నడుము విఱిగి కాళ్లు చచ్చుపడినవి. మోకు క్రొత్తది, తెగలేదు. అది చెట్టునకే చుట్టుకొని యుండగా మనిషి క్రింద నుండెను. ఆ దృశ్యము నన్నిప్పటికిని విడువలేదు.

మోకు తెగకుండగనే మనిషి పడెనన్న, లోపమెచ్చట నున్నది? మోకు మ్రానును నడుమును చుట్టివచ్చు వలయము. ఎక్కువాడు వెనుకకు వాలి బరువు మోపినంతసేపే అది మ్రానును కఱచియుండును. పాదము జాఱి దేహము మ్రానువైపు తూలినచో వలయము వదులై మనిషితోపాటు జాఱును. మొవ్వు చేరినపిమ్మట మోకు విడిచి మట్టల నడుమ కూర్చుండునప్పుడు ఆ మాత్రపు ఆధారమును లేదు. కావున మోకు పనికి సాధనమే కాని పతనమునకు అడ్డు కాదు. తరతరములుగా మనవారి నేర్పే ఆ కొఱతను పూరించుచున్నది. నేర్పరికిని ఒక తడి యుదయము వచ్చును.

అరువది అడుగుల చెట్టునుండి పడినవాడు రెండు సెకండ్లలోపలనే నేల చేరును. గాలి అడ్డును విడిచి లెక్కించిన, అప్పటి వేగము గంటకు సుమారు 68 కిలోమీటర్లు. ఇంత స్వల్పకాలములో చేతితో దేనినో పట్టుకొందుననుట భ్రమ. పట్టుకొనునది ముందుగనే తగిలియుండవలెను.

ఈ సంగతిని అన్యదేశీయులును దెబ్బలు తినియే నేర్చుకొనిరి. అమెరికాలో చెట్లపై చిన్న మంచెలు కట్టుకొని జింకలకై పొంచియుండు వేటకాండ్రు కలరు. తొలుత వారును నడుమునకొక పట్టీ మాత్రమే కట్టుకొనెడివారు. పడినప్పుడు ఆ పట్టీ కడుపును నొక్కివేయుటయో, చంకలవఱకు జాఱి ఊపిరి బిగబట్టుటయో, తలక్రిందుగ వ్రేలాడదీయుటయో జరుగును. పడువానిని ఆపుటకు నడుము పట్టీ పనికిరాదని ఆ దేశపు కార్మికరక్షణ నియమము 1998 జనవరి 1 నుండి అమలైనది. వేటకాండ్రకును నేడు దేహమంతటిని పట్టు కట్టునే బోధించుచున్నారు. నేల విడిచినది మొదలు మరల నేల తాకువఱకు చెట్టుతో బంధము తెగరాదనునది వారి మూలసూత్రము. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే అట్టి వేట నిషిద్ధము గనుక వారి వేట మనకక్కఱలేదు. వారి కట్టు మాత్రము కావలెను.

మన తెలుగువారిలోను ఈ మార్పు మొదలైనది. తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో గీత కార్మికులకు కాటమయ్య పేర రక్షణకవచములు పంచుట ఆరంభించినది. కొబ్బరి అభివృద్ధి మండలి 2011 నుండి కొబ్బరిచెట్టు నెక్కుటకు యంత్రసాధనముతో యువకులకు శిక్షణ యిప్పించుచు వచ్చినది. కేరళలోని చెంబేరి గ్రామవాసి జోసెఫ్ గారు కల్పించిన సాధనము ఇందులో ప్రసిద్ధము. రెండు ఉక్కుతీగల ఉచ్చులు మ్రానును చుట్టి, కాలు మార్చి కాలు వేయుచుండగా పట్టును విడుచుచు బిగియుచు నుండును. కాని సాధనము మనిషిని ఎక్కించునదే; దానిపై నిలుచువానికిని వేఱుగ కట్టు కావలెను.

ఇక ఎన్నిక విషయము. సంస్కృతమున గుణమనగా త్రాడనియు అర్థము కలదు. త్రాటి గుణమెఱిగియే గుణమును కొనవలెను.

మొదటిది ఆకారము. అంగడిలో సేఫ్టీ బెల్టనిన నడుము పట్టీని చూపుదురు, దానిని త్రోసిపుచ్చుడు. రెండు భుజములపై పట్టెడలు, రొమ్మునకొక పట్టెడ, తొడలు రెండింటిని వేఱువేఱుగ చుట్టు పట్టెడలు ఉన్నదే పూర్తికట్టు. పడినప్పటి తాకిడిని తొడలును కటిభాగమును పంచుకొనవలెనే గాని పొట్ట భరింపరాదు.

రెండవది గుర్తు. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 3521 అను సంఖ్యయు, తయారైన తేదియు, మోయదగిన బరువును చీటిపై కుట్టియుండవలెను. చీటి లేని కట్టు ఎంత చౌకయైనను కొనరాదు.

మూడవది కొలత. కట్టును ఎక్కువానికే తొడిగి చూడవలెను. తొడపట్టెడ క్రింద చాచిన అరచేయి దూరవలెను, పిడికిలి దూరరాదు. పిమ్మట బలమైన దూలమునకు తగిలించి, నేలకు అడుగెత్తున కొద్దిసేపు వ్రేలాడనిండు. ఎక్కడ ఒరసినది, ఎక్కడ జాఱినది అప్పుడే తెలియును. ఈ పరీక్షను అంగట్లోనే చేయింపుడు.

నాలుగవది కొక్కెము. దాని నోరు తనంత తాను మూసికొనవలెను. తెఱచుటకు రెండు వేఱువేఱు కదలికలు కావలెను. పశువుల పలుపునకు వాడు కొక్కెము ఇందులకు పనికిరాదు.

అయిదవది త్రాడు. ఇక్కడ నొక చిన్న లెక్క చెప్పెదను. నాలుగడుగులు పడిన మనిషి నాలుగంగుళములలో ఆగెనేని సగటున ఆతని బరువునకు పదుమూడు రెట్ల తాకిడి తగులును. అరువది కిలోల మనిషికది 780 కిలోలు. అదే మనిషి రెండడుగుల దూరమున మెల్లగా ఆగినచో మూడు రెట్లే, అనగా 180 కిలోలు. కాబట్టి త్రాడు గట్టిదైనంత చాలదు. కొంచెము సాగవలెను, లేక త్రాటిచివర కుట్లు విడిపోవుచు తాకిడిని మ్రింగు మడత యుండవలెను. అన్నింటికన్న మేలు, పడు దూరమునే తగ్గించుట. మ్రానునకు బిగియు ఉచ్చు ఎల్లప్పుడు రొమ్మునకు పైన నుండవలెను. నడుమ వదులు ఉండరాదు. తడిసి నానిన కొబ్బరిపీచు త్రాడును, ఎండకు వెలసిన నైలాను త్రాడును నమ్మరాదు. ముడి వేసినచోట త్రాటిబలము తగ్గునని మఱవరాదు.

ఆఱవది, అన్నిటిలో ముఖ్యమైనది, రెండవ ఉచ్చు. మట్టలను దాటునప్పుడు మొదటి ఉచ్చును విప్పకతప్పదు. రెండవదానిని పైన బిగించిన తరువాతనే మొదటిదానిని విప్పవలెను. మా శిష్యుని కూల్చినది ఈ సంధికాలమే. ఏ కట్టు కొన్నను "మొవ్వునొద్ద నీవు దేనికి తగిలియుందువు?" అని ఎక్కువానినే అడుగుడు. సమాధానము రానిచో ఆ కట్టు అసంపూర్ణము.

పడినవానిని కట్టు ఆపెనని సంతోషించి ఊరకుండరాదు. కాళ్లు కదలక వ్రేలాడువానికి రక్తము కాళ్లలో నిలిచి కొద్ది నిమిషములలోనే స్పృహ తప్పవచ్చును. పాదము మోపి లేచి నిలుచుటకు కట్టునకొక చిన్న వలయము తగిలించి యుంచవలెను. దింపుటకు తెలిసిన రెండవవాడు చెట్టుక్రింద నుండవలెను. ఒక్కసారి పతనమును ఆపిన కట్టును మరల వాడరాదు. ఎరువులబస్తాల దగ్గఱ, బ్యాటరీల దగ్గఱ ఉంచరాదు. కరెంటుతీగ చెంతనున్న చెట్టు విషయమున ఏ కట్టును రక్షింపలేదు, అచ్చట ఎక్కింపనేరాదు.

"ఇంత ఖర్చు దింపువాడెట్లు భరించును?" అని మీరడుగవచ్చును. భరింపనక్కఱలేదు. కాయలు మనవి, చెట్టు మనది. తోటలు గలవారు నలుగురు కలిసి యొక కట్టు కొని గ్రామమున ఉంచుకొనవచ్చును. నేను కొన్నది ఆలస్యముగ కొన్నది.

ఆ కట్టును నేడు మా శిష్యుని తమ్ముడు తొడుగుకొని ఎక్కుచున్నాడు. దింపునాడు అన్న చక్రాలకుర్చీలో చెట్టుక్రిందికి వచ్చి కూర్చుండును. కట్టును ఒడిలో వేసికొని ప్రతి కుట్టును వ్రేలితో తడవి, ప్రతి కొక్కెమును మూడుమాఱులు తెఱచి మూసి చూచును. మ్రాను తడిసియున్నచో "ఇవాళ వద్దండి" అనును. ఆతడు వద్దన్ననాడు మా తోటలో దింపు లేదు.

సెలవు.