ఇండ్ల నిర్మాణం ఒకే చేతిలో: సిమెంటు, ఇనుము వర్తకుల ఖాతాలకు కొత్త చిక్కు

గోనెగండ్ల: ఆదోని యార్డులో పత్తి, వేరుశనగ అమ్ముడై రైతు చేతికి రొక్కం వచ్చిన తరువాతనే ఈ ప్రాంతంలో సిమెంటుకు, ఇనుముకు గిరాకీ లేవడం పరిపాటి. కార్తీకం దాటితే పునాదులు తవ్వుతారు, వేసవికి స్లాబు పడుతుంది. ఈ లోగా అరువు మీద పోయిన సరుకుకు మరుసటి పంట మీద వసూలు. గోనెగండ్ల, ఎమ్మిగనూరు దుకాణదారులకు బస్తా మీద మిగిలేది స్వల్పమే. ఆ అరువు ఖాతాయే వారి అసలు వ్యాపారం.

2020 డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం పేదలకు ఇండ్ల స్థలాల పట్టాల పంపిణీ మొదలు పెట్టిన నాటి నుండి ఈ క్రమం మారింది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున స్థలం, ఇంటికి 1 లక్షా 80 వేల రూపాయల సాయం, మొదటి విడతలో 15.60 లక్షల ఇండ్లు అన్నది లెక్క. ఇండ్లు కట్టుకునేందుకు లబ్ధిదారు ముందు మూడు మార్గాలు పెట్టారు. సామగ్రి ప్రభుత్వం ఇచ్చి కూలి డబ్బు చెల్లించడం ఒకటి. దశలవారీగా వచ్చే డబ్బుతో ఇంటివారే కట్టుకోవడం రెండవది. మొత్తం పనిని ప్రభుత్వమే గుత్తేదారు ద్వారా పూర్తి చేయించడం మూడవది. 20 టన్నుల ఇసుక ఉచితం. సిమెంటు, ఇనుము రాష్ట్రస్థాయిలోనే ధర కుదుర్చుకుని తెప్పించేందుకు ఏర్పాట్లు జరిగాయి. ప్రభుత్వ పనులకు పీపీసీ బస్తా 225 రూపాయలకు, ఓపీసీ 235 రూపాయలకు ఇచ్చేందుకు సిమెంటు కంపెనీలు 2020లో ఒప్పుకున్నాయి.

మేస్త్రీల లెక్కన చదరపు అడుగుకు సుమారు 0.4 బస్తా పడుతుంది. 340 చదరపు అడుగుల ఇంటికి 136 బస్తాలు. బయటి ధరకు, ప్రభుత్వ ధరకు బస్తాకు వంద రూపాయలు తేడా ఉందనుకుంటే, సిమెంటంతా ఆ ధరకే దొరికిన ఇంటికి 13,600 రూపాయలు కలిసి వచ్చినట్లే. లబ్ధిదారు కోణం నుండి చూస్తే దీనికి వంక పెట్టడానికి లేదు. చౌడు మట్టి కప్పిన మిద్దెలో ఉన్న కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు.

ఒక చోట కొని పలువురికి పంచే పద్ధతి ఈ సీమకు కొత్తదీ కాదు. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం మగ్గాలకు నూలు తెచ్చి ఇచ్చి, గుడ్డ తీసుకుని, కూలి చెల్లించింది. ఇక సిమెంటు విషయానికి వస్తే, పర్మిట్ల కాలం చూసిన వర్తకులు ఇంకా ఉన్నారు. 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా సిమెంటుపై అదుపు తొలగింది. ఇనుము ధరలపై అదుపు 1992లో పోయింది. అయితే నాటి అదుపులో సరుకు పర్మిటు మీదనైనా దుకాణం మీదుగానే వినియోగదారుకు చేరేది. ఈసారి కంపెనీ నుండి గోదాముకు, గోదాము నుండి కాలనీకి పోయింది. దుకాణానికి మిగిలినవి కట్టుతీగ, మేకులు, తలుపులు, పైపులు, వైర్లు, రంగులు. వీటిలో లాభం శాతం ఎక్కువే గాని మొత్తం తక్కువ.

ఇంతవరకు నష్టం కంటికి కనబడేదే. మూడవ మార్గంలో ఉన్న చిక్కు మాత్రం ఖాతా పుస్తకం తిరగేస్తే తప్ప తెలియదు. నలభై ఇండ్లు నలభై మంది కట్టుకుంటే వర్తకునికి నలభై ఖాతాలు. ఒకరి పంట పోతే ఒక్క ఖాతా ఆగుతుంది. అదే నలభై ఇండ్లు ఒక గుత్తేదారు చేతిలో ఉంటే ఖాతా ఒక్కటే. ప్రభుత్వ సరఫరా ఆలస్యమైనప్పుడు పని ఆగకుండా ఆ గుత్తేదారు బయట అరువుకు వస్తాడు. పెద్ద ఆర్డరు, ఒకే మనిషి, ఒకే బండి బాడుగ. కాదనడం ఏ వర్తకునికైనా కష్టమే. కాని ఆ బాకీ తీరేది బేస్‌మెంటు, లింటెలు, స్లాబు దశల్లో ఇంజనీరు కొలతలు నమోదై, బిల్లు మంజూరై, డబ్బు పడినప్పుడు. ఏ దశ దగ్గర బిల్లు నిలిచినా నలభై ఇండ్ల సరుకు సొమ్ము ఒక్కసారిగా నిలుస్తుంది. ఎండ దెబ్బ తిన్న పత్తి రైతు దుకాణానికి వచ్చి వాయిదా అడుగుతాడు. పని వదిలి వెళ్లిన గుత్తేదారు దుకాణం వైపు రాడు.

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల్లో టిడ్కో కట్టించిన బహుళ అంతస్తుల ఇండ్ల తీరు వేరు. 300, 365, 430 చదరపు అడుగుల ఆ ఇండ్లకు ఇటుక గోడ లేదు. అచ్చుల్లో కాంక్రీటు పోసి గోడ, స్లాబు కలిపి లేపే పద్ధతి అది. పెద్ద కంపెనీలకు టెండర్లు దక్కాయి గనుక సరుకు నేరుగా ఫ్యాక్టరీల నుండే వస్తుంది. స్థానిక వర్తకునికి లాభమూ లేదు, బాకీ భయమూ లేదు. ఇటుక బట్టీలవారికి మాత్రం గిరాకీ పోయినట్లే.

కేంద్రీకృత సరఫరాలో మరో లోపం సరుకు నిల్వ. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్షించకుండా వాడరాదని నిర్మాణ రంగంలో నియమం. గిరాకీ చూసి సరుకు దింపుకునే దుకాణంలో బస్తా అంతకాలం ఆగదు. ఇండెంటు ముందే పెట్టి, పునాదులు ఆలస్యమైతే గోదాములో ఆగుతుంది. కొలిమిగుండ్ల, తాడిపత్రి ఫ్యాక్టరీలు ఇంత దగ్గరలో ఉండగా అన్ని నెలల నిల్వ ఎందుకన్నది అడగవలసిన ప్రశ్నే.

2024 జూలైలో ఉచిత ఇసుక విధానం వచ్చింది. 2025 మార్చిలో ప్రభుత్వం సగంలో నిలిచిన ఇండ్లకు అదనపు సాయం ప్రకటించింది: ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు. బోయ, కురుబ కుటుంబాలు అధికంగా ఉన్న ఈ పడమటి మండలాలకు ఇది గట్టి కబురు. ఈ డబ్బుతో ఇంటివారే పని ముగించుకుంటే కొనుగోలు మళ్లీ చిల్లర దుకాణం గడప తొక్కుతుంది. 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటుపై జీఎస్‌టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గడం కూడా కొనేవారికి ఊతమే. పన్ను లేని ధర 250 రూపాయలైతే బస్తా 320 నుండి 295కు దిగుతుంది.

అందుచేత అరువు ఇచ్చేవారు కంపెనీ రేటు కన్నా ఇంటి దశను గమనించుకోవడం మేలు. లింటెలు దాటి స్లాబుకు సిద్ధమైన ఇంటికి ఇచ్చిన అరువు త్వరగా తిరిగి వస్తుంది. బేస్‌మెంటు దగ్గర మొక్కలు మొలిచిన ఇంటికి రొక్కం మీదనే సరుకు. గుత్తేదారు అయితే ఏ ఇంటికి ఎన్ని బస్తాలు, ఎంత ఇనుము అన్నది ఇంటి నంబరు వారీగా చీటీ రాయించుకుని, ముందు దశ బాకీ తీరిన తరువాతనే మరో లోడు దింపడం ఉత్తమం.